శనివారం కడిగించిన పెనం

కల్పలతా,

మౌలాలిలో మా చెల్లెలింటికి వెళ్తున్నాను, చీకటి పడేలోగా వస్తాను. పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. పదింటికి నల్లా వస్తుంది, కిషన్‌ను లేపి నీళ్లు పట్టమను. అది కూడా నువ్వే చెయ్యకు.

నిన్న ఏ.ఎస్. రావు నగర్‌లో ఆ కొత్త మంగోలియన్ గ్రిల్‌కు తీసుకెళ్లేముందు, ఎవరి గిన్నెలో వాళ్లు నింపుకున్న కూరగాయలూ మాంసమూ అన్నీ ఒకే పెద్ద పెనం మీద వండుతారని మీరు ఒక్కమాట చెప్పాల్సింది. శనివారం నేను నీసు ముట్టనని తెలుసు కదా. నా కొడుకేమో "నువ్వు ఐస్‌క్రీమ్ తినే అమ్మా" అని తన గిన్నె నింపుకున్నాడు. నువ్వు మాత్రం "అన్నా, మా అత్తమ్మకు శనివారం. జెర పెనం కడిగి చెయ్యి" అని, వెనక లైనంతా గొణుగుతున్నా కదలకుండా నిలబడ్డావు.

అంత చేస్తే, ఇంటికొచ్చి అక్కడి తిండిలో ఉప్పు లేదని నీమీద విసుక్కున్నాను. గిన్నెలో కూరగాయలూ సాసులూ వేసుకున్నది నేనే. మనసులో పెట్టుకోకు.

మీ అత్తమ్మ

ఇంకోమాట. వచ్చేసారి ఆదివారం వెళ్దాం. నా కోపం ఉప్పు మీద కాదు. పక్కన కూర్చుని కిషన్ అన్నేసి రొయ్యలు తింటుంటే, నాకు క్యాబేజీ గొంతు ఎట్లా దిగుతుంది?