తాబేలు చిప్ప మీద వాన

అటవీ రేంజ్ అధికారి గారికి నమస్కారమండి.

నేను మొవ్వలో డ్రాయింగు టీచర్ని. మొన్న ఆదివారం పాలకాయతిప్ప దగ్గర సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు చిప్పను సంచిలో పెట్టుకుంటుంటే మీ గార్డు సీమోను గారు పట్టుకున్నారు. చనిపోయిన తాబేలుదైనా తీసుకెళ్ళడం నేరమని నాకు నిజంగా తెలియదు.

"చిప్పతో మీకేం పనండీ?" అని అడిగారాయన.

పిల్లలకు చూపించడానికన్నాను. చైనావాళ్ళ రాత మనకు తెలిసినంతలో ఇలాంటి చిప్పల మీదే మొదలైంది. మూడు వేల ఏళ్ళ కిందట అక్కడి రాజులు దేవతలను అడిగే ప్రశ్నలను వీటి మీద చెక్కించేవారు. చిప్పను వేడిచేసి, పగుళ్ళలో జవాబు వెతుక్కునేవారు. కత్తితో చెక్కిన ఆ గీతలే తరవాత కుంచెతో రాసేసరికి వంపులు తిరిగి, గొప్ప కళ అయ్యాయని ఆయనకు చెప్పాను.

"ఏం అడిగేవాళ్ళండీ?"

"వాన పడుతుందా అని."

ఆయన తన కర్ర నా చేతికిచ్చి, "వాన ఎలా రాసేవాళ్ళో రాయండి" అన్నారు. ఇసుకలో పైన అడ్డగీత, దాని కింద చినుకులు గీశాను.

"ఇది నేనూ చదవగలనండీ" అని నవ్వారు. పక్కనే తనూ ఒక వాన రాశారు. చిప్ప మాత్రం ఇవ్వలేదు.

చిప్ప నాకొద్దండి. శనివారం మా పిల్లలకు ఈ పాఠం చెబుతున్నాను. దయచేసి సీమోను గారినే చిప్పతో పంపండి, పాఠం అవగానే ఆయనే తీసుకొచ్చేస్తారు. పిల్లలు ముట్టుకుంటారని భయపడకండి. ఆయన నన్నే ముట్టుకోనివ్వలేదు.

మీ అనుమతి కోసం చూస్తూ,
డ్రాయింగు టీచరు, మొవ్వ