బొట్టు పెట్టని దోటి

వాషర్‌మెన్‌పేట్,
విజయదశమి

అన్నా,

కంగారుపడొద్దు, తాతగారి టేకు తలుపు మీద గీత కూడా పడలేదు.

నిన్న ఆయుధపూజకని అవ్వ కత్తెర మొదలు తాళంచెవుల దాకా అన్నీ దేవుడి గదిలో పెట్టి బొట్లు పెట్టింది. ఇంతలో గాలికి తలుపు పడి, పాత తాళం దానంతటదే బిగుసుకుంది. లోపలేమో దీపం, పక్కనే పట్టుతెర! వడ్రంగి భక్తవత్సలాన్ని పిలిస్తే, "పూజలో పెట్టిన ఉలిని రేపటిదాకా తాకనమ్మా" అన్నాడు.

చివరికి పెరట్లో మునక్కాయలు కోసే దోటిని కిటికీ ఊచల్లోంచి దూర్చి, తాళంచెవుల గుత్తి లాగేశాను. అవ్వ చెంపలేసుకుని తలుపు తీసింది.

"అయ్యో, దోటికి బొట్టు పెట్టడం మరిచిపోయినామే!" అన్నాను.

"మరిచినాం గనకే పనికొచ్చింది. వచ్చే ఏడు గూడా దాన్ని ఆడే ఉండనీ" అంది అవ్వ.

నీ చెల్లెలు