పన్నెండు గజాల గాలి

జూన్ 3
ఇంట్లో మూడో మిషన్ దిగింది. మొదటి రెండూ బట్టలు కుట్టేవి. ఇది ఆక్సిజన్‌ది. ఊపిరితిత్తులు సగం పాడయ్యాయట, రోజుకి పదహారు గంటలు పెట్టుకోవాలన్నారు డాక్టరు గారు. నిమిషానికి రెండు లీటర్లకి మించి తిప్పొద్దన్నారు. ముప్పై ఏళ్లు మెడలో టేపు వేసుకున్నవాడిని, ఇప్పుడు ట్యూబు. కొలిచాను. పన్నెండు గజాలు. వెనక గదిలోంచి షాపు గడప దాకా వస్తుంది. కటింగ్ టేబుల్‌కి రెండు మూరలు తక్కువ.
బీడీల పాపం కొంత, గుడ్డల నూగు కొంత. ఎవర్ని తిడతాను.

జూన్ 4
మా ఆవిడ బొగ్గుల ఇస్త్రీపెట్టెని పక్కింటి అరుగు మీదకి మార్చేసింది. ఆక్సిజన్ పక్కన నిప్పుంటే ఇద్దరం కలిసే పోతాం, నాకంత తొందరేం లేదు అంది.

జూన్ 9
ట్యూబు కాళ్లకి అడ్డం పడుతోంది. టైలర్‌కి ఒకరు చెప్పాలా? కాలరుకి, భుజానికి, జేబుకి మూడు పిన్నీసులు గుచ్చి బిగించాను. నీటుగా కుదిరింది. అద్దంలో చూసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

జూన్ 12, ఉదయం 10
వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు 86 చూపిస్తోంది. మొన్నటి దాకా 92. గడప దాకా నడిస్తే ఆయాసం.
లాయరు గారు కోటు గుడ్డ ఇచ్చి వెళ్లారు. ఇరవయ్యో తారీఖున పెద్ద కేసట. పాతికేళ్లుగా ఆయన కోట్లు నేనే కత్తిరిస్తున్నాను. ఈసారి కత్తిరించలేకపోతే పక్క వీధికి పోతారు, ఆయన వెనకే మిగతావాళ్లూ. షాపు మూతపడ్డట్టే.
నేను కత్తిరిస్తానులెండి అంది మా ఆవిడ. నవ్వాను. ముప్పై ఏళ్లుగా తన పని కాజాలూ గుండీలూ. మాస్టర్ తన కత్తెర ఇంకొకరి చేతికివ్వడు, మా పనిలో అదో పట్టింపు.

జూన్ 13
84. నా పనైపోయింది.

జూన్ 14
అయిపోలేదు!
మెకానిక్ వచ్చి మిషన్ భేషుగ్గా ఉందన్నాడు. జబ్బే ముదిరిందేమో, ఆసుపత్రికి తీసుకెళ్లండి అన్నాడు. మా ఆవిడ మొదట అతను తెచ్చిన చిన్న సిలిండర్ నాకు పెట్టించింది. తర్వాత సైకిల్ పంక్చర్ చూసినట్టు నా ట్యూబుని మిషన్‌కి తగిలించే ఉంచి, బకెట్ నీళ్లలో ముంచి మెల్లిగా జరిపింది. బుడగలు. మూడు చోట్ల. సరిగ్గా నేను పిన్నీసులు గుచ్చినచోట.
గుడ్డకి పొడిచింది చాలక ఊపిరికీ పొడుచుకున్నారా అంది. మెకానిక్ కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
కొత్త ట్యూబు పెట్టాక గంటలో 91. సాయంత్రానికల్లా నా చొక్కా భుజం మీద ట్యూబు దూరేంత గుడ్డ పట్టీ కుట్టేసింది, నొక్కు గుండీతో సహా. పిన్నుతో పని లేదు. ఇంత తేలిక సంగతి మాస్టర్‌నైన నాకు తట్టలేదు. నా పెళ్లాం నాకంటే తెలివైంది. రాస్తుంటే ఒళ్లు పొంగిపోతోంది. తనతో మాత్రం ఇంకా అనలేదు.

జూన్ 16, ఉదయం 8
కత్తెర మా ఆవిడకి ఇచ్చేశాను. గడప మీద కూర్చుని, పిడి ఆమె వైపు తిప్పి. అందుకునే ముందు చేతులు కొంగుకి తుడుచుకుంది.

మధ్యాహ్నం 12
నోరు మూసుకుని కూర్చోవడం ఆయాసం కంటే కష్టం. నడుము దగ్గర అరంగుళం ఎక్కువ వదిలింది. వద్దన్నాను. ఆయన ఈ ఏడు ఒళ్లు చేశారు, చూడలేదా అంది.
చూడలేదు.

జూన్ 20
కోటు అతికినట్టు సరిపోయింది. లాయరు గారు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, మీ చెయ్యి చెయ్యే మాస్టర్ అన్నారు. నాది కాదండీ, మా ఆవిడది అన్నాను.

జూలై 2
ఇంకాస్త పొడుగు ట్యూబు వచ్చింది. ఇప్పుడు కటింగ్ టేబుల్‌కి అందుతుంది. అయినా అక్కడికి పోలేదు. మా ఆవిడ పాత పీట మీద కూర్చుని పదకొండు గుండీలు కుట్టాను.
ఎవరో వచ్చి మాస్టర్ గారూ అని పిలిచారు.
తలెత్తాను. కటింగ్ టేబుల్ దగ్గర్నుంచి మా ఆవిడ పలికింది.