వేలు ఆగిన చోట

దిండి రేవు,
1861వ సంవత్సరం, శ్రావణ మాసం, మంగళవారం.

ప్రభువు కాపుదలలో పిల్లాపాపలతో చల్లగా ఉండవలసిన చిరంజీవి బుజ్జమ్మకు మీ నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ మేమూ మన ముసలి గేదే తిని తిరుగుతూనే ఉన్నాం. బందరులో నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ బాగున్నారని నీ ఉత్తరం చెప్పగా మీ అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి అడిగితే కళ్ళు మండుతున్నాయన్నాను. నిజానికి మూడోసారి చదవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎందుకో చివర్న చెబుతాను. ముందే చెబితే మిగతాది నువ్వు చదవవు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మోకాలు వాన పట్టినప్పుడు పట్టేస్తోంది, వెలిసినప్పుడు నా మీద అరవడానికి గుమ్మందాకా నడిపిస్తోంది. నిన్నటినుంచి అరవడం మానేసింది, ఆ సంగతీ వస్తుంది. గోదావరి చించినాడ వైపు లంకలను ముంచింది. మన గట్టుకు ఇంకా మూరెడు మిగిలి ఉంది. కొబ్బరి పీచు నానేసిన గోతులు వరదలో కలిసిపోయాయి గనుక తాళ్ళు పేనే పని లేదు, ఉత్తరాలు వ్రాసే తీరిక మాత్రం బోలెడు.

ఇక అసలు సంగతి. "పెద్దల ముందు తప్పయిందని ఒక్క మాట అనేస్తే మీ సొమ్మేం పోతుంది నాన్నా, మిమ్మల్ని సంఘంలోంచి తీసేస్తే ఇక్కడ బళ్ళో పాఠాలు చెప్పే మీ అల్లుడికెంత తలవంపు" అని వ్రాశావు. జరిగింది నీకు ఎవరు మోసుకొచ్చారో, దారిలో ఎంత ఒలికిపోయిందో! నా నోటినుంచి విను.

నీ పెళ్ళయి వెళ్ళాక మన సంఘంలో ఒక అలవాటు పుట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎటూ తేలని సంగతి ఉన్నవాళ్ళు ముందుకు వస్తారు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి చూపుడువేలు పెడతారు. వేలు కింద ఏ మాట పడితే అదే దేవుడి జవాబు. బాప్తిస్మానికి ముందు మనం గవ్వలు వేయించుకునేవాళ్ళం గదా. ఆ గవ్వలను గోదాట్లో పారేశాం గాని, పారేసిన చెయ్యి ఊరుకోలేదు.

మన అప్పారావు గేదెను అమ్మాలా వద్దా అని వేలు పెడితే అది నోవహు ఓడ మీద పడింది. జంటలు జంటలుగా లోపలికి రమ్మని ఉందక్కడ. వాడు తిన్నగా పోయి ఇంకో గేదెను తోలుకొచ్చాడు. ఇప్పుడు మేత చాలక గేదెలు రెండూ, వాటికి తోడు అప్పారావూ, ముగ్గురూ బక్కచిక్కారు. నవ్వుకో. నేనూ నవ్వాను.

నాకు అక్షరాలు వచ్చిన వైనం నీకు తెలుసు. యాభై దాటాక, కాలువ తవ్వకంలో మట్టి మోస్తూ, మేస్త్రీ గుంజల మీద సున్నంతో వ్రాసిన పేర్లను రోజుకొకటి అడిగి నేర్చుకున్నాను. "చావబోయేముందు ఓనమాలేంటయ్యా" అనేది మీ అమ్మ. అలా కూడబెట్టుకున్నవాడికి చదువు మీద గర్వం ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ మాట గుర్తుంచుకో.

ఆషాఢంలో ఒక ఆదివారం, తాటాకు చాపలల్లే చిట్టెమ్మ మనవరాలిని భుజాన వేసుకుని ప్రార్థన ఇంటికి వచ్చింది. పిల్లకు గొంతు వాచి మూడు రోజులుగా గుక్క నీళ్ళు దిగడం లేదు.

"నర్సాపురంలో మందులిచ్చే దొరసానిగారి దగ్గరికి తీసుకెళ్ళమంటారాండీ? వరద చూస్తే బయవేస్తందండి" అంది.

మన ఉపదేశి వరప్రసాదం చెడ్డవాడు కాదు, నిరుడే వచ్చాడు, కుర్రతనం. "వేలు పెట్టమ్మా, ప్రభువునే అడుగుదాం" అన్నాడు. ఆవిడ పెట్టింది. ఒక అధికారి కూతురు పోయిందని అంతా ఏడుస్తుంటే, చిన్నది చావలేదు, నిద్రపోతోందని ప్రభువు అన్నచోట పడింది.

"చూసేవా చిట్టెమ్మా! నిద్దరంతే. ఇంటికెళ్ళి పడుకోబెట్టు."

"ఆయ్" అని ఆవిడ వెనక్కి తిరిగింది. పిల్ల మెడ వేలాడుతోంది. నేను లేచాను.

"ఆ కిందది చదువు బాబూ."

"వేలు ఇక్కడాగిందండి, నతానియేలుగారూ."

"వేలు చిట్టెమ్మది. మాట ఆయనది. ఆయనింకా మాట్టాడుతుంటే నువ్వు పుస్తకం మూసేస్తావేంటి?"

అతను మూసేశాడు. నేను అతని చేతిలోంచి లాక్కున్నాను. అవును, లాక్కున్నాను, దానికి సాక్షులు అక్కర్లేదు. బిగ్గరగా కిందికి చదివాను. నిద్రపోతోందని ఆయన చెప్పి ఊరుకోలేదు. పిల్ల పడుకున్న గదిలోకి వెళ్ళాడు, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపాడు. "మీలో ఒక్కడైనా లేచేడా? ఒక్కడైనా ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడా?" అని అడిగాను.

పెద్దల్లో పెద్ద మన సూర్యారావు ఊగిపోయాడు. "పరిశుద్ధ గ్రంథాన్ని లాక్కుంటావా? నువ్వు పేనే తాడనుకున్నావా?"

"తాడే అనుకో సూర్యారావూ. అందులోంచి ఒక్క పోగు పీకి, ఇదే తాడంటే పడవ కడతావా నువ్వు?"

తరువాత వాళ్ళేమన్నారో వినలేదు. చిట్టెమ్మనూ పిల్లనూ తీసుకుని రేవుకు పోయాను. పడవ భీమరాజు మారుమాట లేకుండా మమ్మల్ని ఎక్కించుకుని, వరదకు అడ్డంపడి నర్సాపురం చేర్చాడు. దొరసానిగారు గొంతులో గడ్డ కోసి చీము తీశారు. మూడోనాటికి పిల్ల గంజి అడిగింది.

పెద్దల తీర్పు ఇది. వచ్చే ఆదివారంలోగా నేను వరప్రసాదం ముందు తలవంచి, వేలు పెట్టడం దేవుడి పద్ధతేనని ఒప్పుకోవాలి. లేకపోతే నాకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం లేవు, సంఘంలో చదవడం లేదు. నేను ఒప్పుకోను బుజ్జమ్మా. చదువురానివాళ్ళకు ఒక్క మాట చాలదా అంటాడు సూర్యారావు. చదువురానివాడికే మొత్తం చదివి వినిపించాలి, ఆగిన చోట ఇంకేముందో వాడు చూసుకోలేడు గనుక. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో అన్నారో చెప్పకుండా జవాబు చేతిలో పెట్టడం బోధ కాదు, సోది. అల్లుడుగారికి తలవంపని సంఘానికి సోది చెప్పమంటావా?

ఇంత వేడి ఎందుకని అడిగావు. ఆ వేడి చిట్టెమ్మ మనవరాలి నాటిది కాదు.

ఆ రోజు నర్సాపురం నుంచి తిరిగివస్తుంటే భీమరాజు గెడ వేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు, "రాఘవులుగారూ, ఆ ఏడూ ఇన్నే నీళ్ళండి." నన్నింకా పాత పేరుతో పిలిచేది అతనొక్కడే. నీ ఉత్తరంలో తప్పయిందని ఒక్క మాట అనమన్న చోటును మూడోసారి చదవలేకపోయింది ఇందుకే, ఇక దాచను.

నాలుగేళ్ళ కిందట మీ అక్క సత్యవేణి పురిటికి వచ్చి రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డ అడ్డం తిరిగింది, నర్సాపురం తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. వరదకు భయపడి భీమరాజు పడవ వేయనన్నాడని నీకు వ్రాశాను. మీ అమ్మకూ అదే చెప్పాను. అది అబద్ధం. అతను "నీళ్ళు బలంగానే ఉన్నాయండి, అయినా దాటించేత్తానండి, అమ్మాయిని తీసుకొచ్చేయండి" అన్నాడు. నేను గట్టు మీద కూర్చుని మోషే పుస్తకం తెరిచి వేలు పెట్టాను. ముందు సముద్రం, వెనక సైన్యం, మధ్య జనం ఉన్నచోట పడింది. భయపడకండి, ఊరకే నిలబడి చూడండి అని మోషే వాళ్ళతో అంటాడు. నేను నిలబడ్డాను. వేలు సంగతి చెబితే మీ అమ్మ నన్ను తోసేసి మీ అక్కను తానే మోసుకుపోయేదని, తప్పు భీమరాజు మీద పెట్టాను. మధ్యాహ్నానికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

సమాధి చేసి వచ్చాక ఆ పుట మళ్ళీ తీశాను. వేలు ఆగిన చోటికి వేలెడు కింద దేవుడు మోషేతో అంటున్నాడు, నాకెందుకు మొరపెడతావు, జనాన్ని ముందుకు నడవమని చెప్పు అని. నీళ్ళలోకే నడవమని.

వేలు పెట్టే అలవాటును సంఘంలో పుట్టించింది నేనే. చదువుకున్న మురిపెంలో అందరికీ నేర్పాను. ఆ పుట చూశాక కూడా సిగ్గుకొద్దీ నాలుగేళ్ళు నోరు మూసుకుని, అప్పారావు గేదెలను చూసి నవ్వుతూ కూర్చున్నాను. నువ్వు వచ్చిన రెండుసార్లూ భీమరాజు పడవ ఎక్కనని చుట్టుదారిన పోయావు. మీ అమ్మ అతని ఇంటి నిప్పు కూడా ముట్టలేదు. అతను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

మీ అమ్మకు నిన్న చెప్పాను. అరవలేదు. "బీవరాజుకి చెప్పేవా?" అని ఒక్క మాట అడిగింది. నాకు అన్నం పెట్టి, తన కంచం తీసుకుని పెరట్లోకి పోయింది.

ఈ పొద్దున భీమరాజు దగ్గరికి పోయాను. ఆదివారం క్షమాపణ చెబుతాను, వరప్రసాదానికి కాదు, నీకు, అందరి ముందూ అన్నాను.

"నేనెందుకండీ మీ ప్రార్థనింట్లోకి? నాకు మొహమాటం."

"గుమ్మం బయట నిలబడు. నేనే బయటికొచ్చి చెబుతాను."

"బయటికొస్తే మళ్ళీ మిమ్మల్ని లోపలికి రానిత్తారాండీ?"

"రానివ్వకపోతే నీ పడవలో కూర్చుని చదువుతాను. అధ్యాయం అయ్యేదాకా ఒడ్డు చేర్చకు."

"ఆయ్" అన్నాడు. అంతసేపూ చేతిలో పడవ తాడు వదల్లేదు.

నన్ను క్షమించమని ఇంత తొందరగా అడిగే ముఖం నాకు లేదు. నువ్వు ఉత్తరం వ్రాయవలసింది భీమరాజుకు. అతనికి చదవడం రాదు గనుక నేనే చదివి వినిపిస్తాను. నన్ను తిట్టిన చోట కూడా ఆపను, మొదటినుంచి చివరిదాకా చదువుతాను.

ఇట్లు,
అక్కకు చేసిన అన్యాయాన్ని నీ దగ్గర దాచిన
మీ నాన్న,
నతానియేలు అనే రాఘవులు.