తాడు లాగితే

విడవలూరు, 23-4-1962, సోమవారం

మోచేతులు ఇంకా మండుతున్నాయి. ఆముదం రాసినా తగ్గలేదు.

ఈస్టర్ మరుసటి రోజని చర్చి కుర్రాళ్ళతో కలిసి లారీలో పడమటి కొండలకు వెళ్ళాం. అక్కడ రెండు బండల మధ్య మనిషి పట్టేంత చీలిక ఉంది. అడుగున నీళ్ళున్నాయట. నా నడుముకు పడవ మోకు కట్టి, బావమరిది ఏసుదాసు పైనుంచి దింపాడు. సగం దిగాక ఛాతీ బండల మధ్య ఇరుక్కుపోయింది. అరుద్దామంటే ఊపిరి అందలేదు. మా సొంతూరు సంగంలో బావి పూడిక తీసేటప్పుడు, లోపలి మనిషి తాడు లాగితే పైవాళ్ళు చేదుతారు. నేనూ లాగాను. మోకు వదులైంది. కిందికి జారి ఇంకా బిగుసుకున్నాను. మళ్ళీ లాగాను. మళ్ళీ వదిలాడు.

చివరికి నా మూలుగు విని పైకి చేదారు. ఏసుదాసు నా నడుముకున్న మోకు విప్పాడు.

“వల వేసేటప్పుడు తాడు లాగితే ఇంకా వదలమని కదా బావా. నీకు చాల్లేదనుకున్నా” అన్నాడు.

వాడి తప్పేముంది. ఈ ఇంట్లో ఎవరి తప్పూ లేదు. ఇల్లరికం వచ్చినప్పటి నుంచి, సంగం వెళ్ళి సేద్యం చేసుకుంటానని అన్నప్పుడల్లా మామగారు ఇంకేదో ఇస్తారు. ఒకసారి గది కట్టించారు, ఒకసారి సైకిల్ కొన్నారు. ఇందాక అన్నాల దగ్గర మళ్ళీ ఆ మాటే ఎత్తాను.

“అట్నే నాయనా, కొత్త పడవ నీ పేరనే రాపిస్తాలే” అన్నారు.

మా ఆవిడ మేరీ సంతోషంగా నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. తిన్నాను.