అక్క ప్లేటుకు తగిన ముల్లు

గుడియాత్తం, 1956, కార్తీక సోమవారం.

పాటల మిషను కొనడానికి మా ఆయనతో వేలూరు వెళ్ళొచ్చాను. పోయిన మా అక్క పాడిన ఒకే ఒక్క గ్రామఫోను ప్లేటును పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాటపాటకూ మార్చాల్సిన ఇనుప ముల్లును పొదుపని మార్చకుండా పదేసి సార్లు వేసి, ఆ ప్లేటును అరగదీసింది నేనే.

అంగడాయన మొదట ఎనిమిది ప్లేట్లను ఒకదాని మీద ఒకటి తానే పడేసుకునే మిషను చూపించాడు.

"లేచి మార్చే పనే లేదు, ఇది బాగుండాది," అన్నారు ఆయన.

మొదటి ప్లేటు టప్పుమని పడింది. అక్క ప్లేటు అట్లా పడితే రెండు ముక్కలే.

"చేత్తో పెట్టేది ఉంటే చూపించు నాయనా," అన్నాను.

"మీ అక్కను కింద పెట్టవు గదా!" అని ఆయన నవ్వారు.

రెండో మిషనులో ముల్లును పట్టుకునే చెయ్యి తేలిక, ప్లేటును అదమదు. పాత ప్లేట్లకు వేరే ముల్లు కూడా ఉంది. అక్క పాట వేయించాను. చరణానికి ముందు అక్క ఊపిరి తీసుకోవడం వినబడింది. ఇన్నేళ్ళూ ఆ గీకుడులో నాకది వినబడనే లేదు. ఇదే కావాలన్నాను.

"దీనికీ ప్లేటు అరుగుతుందమ్మా, కాకపోతే మెల్లగా," అన్నాడు అంగడాయన.

రోజూ వినాలని ఉంది. రేపు పూజయ్యాక ఒక్కసారి వేస్తాను. ఒక్కసారే...