మీ వదిన తెచ్చిన భూకంపం

తమ్ముడూ, అందరం క్షేమమే. మా వీధిలో రోజూ పదకొండింటికి భూమి కంపిస్తోందని పేపర్లో చదివి హడలిపోకు. మా పెరట్లో భూకంపాలు కొలిచే యంత్రం పెట్టారు. సైంటిస్టు వచ్చి ఆరా తీస్తే, అదంతా మీ వదిన బండ మీద దుప్పట్లు బాదడం వల్లేనని తేలింది. నేనూ భూగర్భశాస్త్రం సొంతంగా చదివినవాణ్ణే. దుప్పట్ల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

“మెల్లగా ఉతకండమ్మా, లేకపోతే యంత్రం పక్కవీధికి మార్చేస్తాం” అన్నాడాయన.

“నా కేకలకు నలభై ఏళ్లుగా ఈ మనిషే అదరలేదు, నా ఉతుకుడికి భూమి అదిరిందా?” అంది మీ వదిన.

వీధి పరువు కోసం ఉతుకుడు నా నెత్తిన పడింది. ఇప్పుడు యంత్రంలో గీతా, చొక్కాల మురికీ రెండూ కదలడం లేదు. మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? వాషింగ్ మెషీను తిరిగితే భూమి ఎంత అదురుతుందో ఇంజనీరు అల్లుణ్ణి అడిగి వెంటనే రాయి, నా చేతులు బొబ్బలెక్కాయి. పిల్లలకు ఆశీస్సులు.

అన్నయ్య